సముద్రం పక్కన చిన్న హోటల్లో దిగుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పది పన్నెండు గదులు, తెల్లటి గోడలు, నునుపు చేసిన సిమెంటు నేల, ఒక మంచం, ఒక బల్ల, గోడకు నాలుగు కొక్కేలు. గుమ్మం దిగి కాస్త నడిస్తే ఇసుక. ఇలాంటి చోట బస ఎంత హాయిగా ఉంటుందో, ఎంపికలో చిన్న పొరపాటు జరిగితే అంత ఇబ్బందిగానూ ఉంటుంది. పెద్ద హోటల్లో గది బాగాలేదంటే ఇంకో గది తాళం ఇస్తారు. ఇక్కడ ఇవ్వడానికి ఇంకో గది ఉండదు. ఉన్నా అందులో అప్పటికే ఎవరో దిగి ఉంటారు. అందుకని చూసుకోవాల్సినవి చాలావరకు డబ్బు కట్టకముందే చూసుకోవాలి. దిగిన తర్వాత మిగిలేది ఉప్పు, చెమ్మ, ఇసుక. ఈ మూడింటి తీరు తెలిస్తే మిగతాదంతా సుఖమే.

ఇలాంటి చిన్న హోటళ్ళు చాలావరకు తమను 'బొటీక్ హోటల్' అని పిలుచుకుంటాయి. ఆ మాట 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ న్యూయార్క్‌లో తెరిచిన మోర్గాన్స్ హోటల్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. పెద్ద హోటళ్ళు డిపార్ట్‌మెంట్ స్టోర్ల లాంటివి, మాది బొటీక్ (చిన్న ప్రత్యేక దుకాణం) లాంటిది అని రుబెల్ పోల్చి చెప్పేవాడు. ఈ మాటకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి పేరు వదిలేసి మొత్తం ఎన్ని గదులు, యజమాని అక్కడే ఉంటాడా, రాత్రి ఎవరుంటారు అన్నవి అడగండి. ఆ హోటల్ ఎలాంటిదో ఈ మూడు జవాబుల్లోనే తెలిసిపోతుంది.

దూరం ఎంతో మీరే కొలవండి

'బీచ్ దగ్గర', 'సీ వ్యూ', 'బీచ్ ఫ్రంట్' మూడూ ఒకటి కావు. సీ వ్యూ అంటే సముద్రం కనబడుతుందని మాత్రమే. అక్కడికి దారి ఉందని కాదు. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టుకుని హోటల్ గేటు నుంచి ఇసుక దాకా నడక దారి గీసి చూడండి. మామూలు నడకలో రోడ్డు మీద నిమిషానికి 80 మీటర్ల దాకా పోతాం. పొడి ఇసుకలో ఆ వేగం రాదు. 400 మీటర్లంటే వినడానికి దగ్గరే, కానీ మిట్ట మధ్యాహ్నం ఎండలో గొడుగు, చాప, పిల్లల సామాను పట్టుకుని నడిస్తే దగ్గర కాదు. మధ్యలో పెద్ద రోడ్డు, కాలువ, వేరేవాళ్ళ ప్రహరీ ఏవైనా ఉంటే సరళరేఖలో కొలిచిన దూరానికి అర్థమే లేదు. ఫోన్ చేసి "గది తలుపు దగ్గర్నుంచి ఇసుకలో కాలు పెట్టడానికి ఎన్ని నిమిషాలు, మధ్యలో రోడ్డు దాటాలా?" అని సూటిగా అడగండి.

మీరు వెళ్ళే రోజుల్లో పోటు ఎప్పుడొస్తుందో కూడా చూసుకోండి. చాలా తీరాల్లో సుమారు 24 గంటల 50 నిమిషాల్లో రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. అందువల్ల ఇవాళ ఉదయం 7 గంటలకు నీళ్ళు ఎక్కితే రేపు 8కి కాస్త ముందు ఎక్కుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ రోజుల్లో పోటు మరీ ఎత్తుకు వస్తుంది. ఇసుక మేట సన్నగా ఉన్న తీరంలో ఆ సమయానికి బీచే కనబడదు, అలలు గోడను తాకుతుంటాయి. ఫోటోలోని విశాలమైన ఇసుక ఆటు సమయంలో తీసినదై ఉండొచ్చు.

ఏ గది అడగాలి

అన్ని గదులూ ఒకే ధరలో, ఒకే పేరుతో ఉన్నా అన్నీ ఒకటి కావు. పై అంతస్తులో గాలి, చూపు, ఏకాంతం ఎక్కువ, నేలచెమ్మ తక్కువ. కానీ డాబా శ్లాబు నేరుగా నెత్తిమీదుంటే అది పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడ కూడా తోడైతే ఏసీ రాత్రి పదికి గానీ దారికి రాదు. కింది గదిలో పసిపిల్లలకూ పెద్దవాళ్ళకూ మెట్ల బాధ ఉండదు. బదులుగా ఇసుక, దోమలు, కిటికీ ముందు నడిచేవాళ్ళు. మూడంతస్తుల భవనమైతే కళ్ళు మూసుకుని మధ్య అంతస్తు అడగండి.

వంటగది మీద, మెట్ల పక్కన, నీళ్ళ మోటారు దగ్గర ఉన్న గదులు వద్దని చెప్పండి. నిరాడంబరంగా కట్టిన గదుల్లో ఇది మామూలు కన్నా ఎక్కువ ముఖ్యం. తివాచీలు, మందపాటి తెరలు, మెత్తటి సోఫాలు శబ్దాన్ని మింగుతాయి. సిమెంటు నేల, ఖాళీ గోడలు దాన్ని తిప్పికొడతాయి. పక్కగదిలో కుర్చీ జరిపితే మీ మంచం కింద జరిపినట్టు వినిపిస్తుంది. తేలిగ్గా మేలుకునేవాళ్ళు చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిరడాలు ఒక జత తెచ్చుకోవడం మంచిది.

స్నానాల గది ఫోటో జాగ్రత్తగా చూడండి. ఈ తరహా హోటళ్ళలో బాత్‌రూముకు పూర్తి గోడ లేకుండా గాజు పలకో, సగం గోడో, ఒక్క తెరో ఉండడం పరిపాటి. దంపతులకు ఫరవాలేదేమో, తల్లిదండ్రులతోనో స్నేహితులతోనో గది పంచుకునేవాళ్ళకు అది పెద్ద ఇబ్బంది. "టాయిలెట్‌కు తలుపు ఉందా, గడియ పడుతుందా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

గది విస్తీర్ణం చదరపు అడుగుల్లో అడగండి. 180 చదరపు అడుగుల గదిలో 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న మంచం వేశాక రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి పెడితే ఇరుకనిపిస్తుంది. బీరువా బదులు ఒక కర్ర, నాలుగు హ్యాంగర్లు మాత్రమే ఉంటాయి. మడతపడే మెత్తని బ్యాగులైతే మంచం కిందికి పోతాయి.

ఫోన్‌లో ఇంకా అడగాల్సినవి ఇవి. కరెంటు పోతే ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యాన్లూ లైట్లేనా? బాత్‌రూము నీళ్ళు ఉప్పగా ఉంటాయా? తీరం పక్కన బోర్లలోకి సముద్రపు నీరు చొరబడడం సాధారణం. ఉంటే షాంపూ నురగ రాదు, జుట్టు బిరుసెక్కుతుంది. రాత్రి ఆలస్యంగా చేరితే తలుపెవరు తీస్తారు? చిన్న హోటళ్ళలో రిసెప్షన్ 24 గంటలూ ఉండదు. తాళం పెట్టెలో పెట్టి కోడ్ పంపేవాళ్ళున్నారు, తొమ్మిది తర్వాత గేటు వేసేసేవాళ్ళూ ఉన్నారు. పసివాళ్ళుంటే బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంతో అడగండి. 10 సెంటీమీటర్లు మించితే ఆ గది వద్దు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా? మాట్లాడినదంతా ఆ వెంటనే నాలుగు వాక్యాల్లో మెసేజ్ పెట్టి "సరే" అనిపించుకోండి. ఫోన్ ఎత్తిన మనిషి, మీరు దిగే రోజు ఉండే మనిషి ఒకరే కాకపోవచ్చు.

సీజన్ కానప్పుడు వెళ్తుంటే ఒక మాట అదనంగా చెప్పండి. వారాల తరబడి మూసి ఉన్న గదికి బూజు వాసన పడుతుంది. పరుపు, దిండ్లు చెమ్మ పీల్చి ఉంటాయి. "ముందురోజు పొద్దున్నే కిటికీలు తెరిచి, దిండ్లు ఎండలో వేయించండి" అంటే చిన్న హోటళ్ళవాళ్ళు సంతోషంగా చేస్తారు. అడగకపోతే వాళ్ళకు తట్టదు.

గదిలోకి అడుగుపెట్టిన మొదటి పది నిమిషాలు

సామాను విప్పకముందే, మీకు గది చూపించిన మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే ఈ పని చేయండి. ముందు ఏసీ, గీజర్ రెండూ వేయండి. అవి పనిచేస్తున్నాయో లేదో తేలడానికి సమయం పడుతుంది. ఈలోపు కుళాయిలు తిప్పండి, ఫ్లష్ ఒకసారి లాగండి, షవరు నీళ్ళు జాలీ వైపే పోతున్నాయా, నేల మీద నిలిచిపోతున్నాయా చూడండి. పరుపు తల వైపు మూల దుప్పటి ఎత్తి కుట్టు వెంబడి చూడండి. అక్కడ గోధుమరంగు చుక్కలు కనబడితే నల్లులున్నట్టే. ఇది చూసేదాకా బ్యాగు మంచం మీద పెట్టకండి. కిటికీ గడియలు, బాల్కనీ తలుపు తాళం వేసి తీయండి. ఉప్పుగాలికి ముందు బిగుసుకుపోయేవి ఇవే. పది నిమిషాలకు ఏసీ ముందు చెయ్యి పెట్టి చూడండి. తీరంలో బయటి యూనిట్ రేకులు తుప్పు పట్టి రాలిపోతుంటాయి, చప్పుడు మామూలుగానే ఉన్నా చల్లదనం రాదు. లోపం ఏదైనా ఉంటే ఈ పది నిమిషాల్లో చెబితే మరమ్మతుకు మనిషి వస్తాడు. రాత్రి పదకొండుకు చెబితే క్షమాపణ వస్తుంది.

చెమ్మ

తీరంలో గది తడవడానికి అసలు కారణం చాలామందికి తెలియదు, ఏసీ కారుతోందనుకుంటారు. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలవుతుంది. మీరు రాత్రంతా ఏసీ 20లో పెట్టి పొద్దున్నే సముద్రం చూద్దామని బాల్కనీ తలుపు బార్లా తీశారు. లోపలికొచ్చిన గాలి చల్లటి సిమెంటు నేలను తాకుతుంది. రెండు మూడు నిమిషాల్లో నేల మీద సన్నని నీటిపొర, అద్దం మీద ఆవిరి, బల్ల మీది కాగితాలకు మెత్తదనం. నునుపు సిమెంటు మీద ఆ పొర కంటికి కనబడదు. కాలు పెట్టాకే తెలుస్తుంది.

అందుకని ఏసీ 26 దగ్గర పెట్టి పైన ఫ్యాను వేసుకోండి, ఒంటికి చల్లగానే ఉంటుంది. తలుపు తీయదలచుకుంటే అరగంట ముందు ఏసీ ఆపండి. ఏసీ రిమోట్‌లో నీటిచుక్క గుర్తుతో 'డ్రై' అనే పద్ధతి ఉంటుంది. సాయంత్రం గదిలోకి రాగానే ఒక గంట అందులో ఉంచితే పక్క చెమ్మ విడుస్తుంది. ఏసీ వేసి తలుపు తెరిచి ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కొన్ని హోటళ్ళలో తలుపుకు సెన్సర్ ఉంటుంది, తెరవగానే ఏసీ ఆగిపోతుంది. అది చెడిపోయిందని ఫిర్యాదు చేసేవాళ్ళెందరో.

ఏసీ అక్కర్లేని కాలంలో గాలి దిక్కు తెలుసుకోండి. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం మీంచి వస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల మీంచి సముద్రం వైపు మళ్ళుతుంది. ఏ వేళ అయినా గాలి వచ్చే కిటికీతో పాటు ఎదురుగోడలో పోయే దారి కూడా తెరవాలి. ఒక్క కిటికీ తీసి గాలి రావట్లేదంటే, పోవడానికి దారి లేక రావట్లేదన్నమాట. మధ్యాహ్నం గాలి జోరుగా ఉన్నప్పుడు సముద్రం వైపు కిటికీ మూయండి. లేకపోతే సన్నని ఉప్పు తుంపర దుప్పటి మీదే వాలుతుంది.

ఉప్పు

ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తానే కరిగిపోతుంది. సముద్రంలో మునిగిన బట్టను మంచినీళ్ళలో జాడించకుండా ఆరేస్తే రెండు రోజులైనా జిగటగా ఉండేది ఇందుకే. దారాల్లో మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది. ఒక బకెట్ మంచినీళ్ళలో రెండుసార్లు ముంచి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండి, బాల్కనీలో కాక గదిలో ఫ్యాను కింద ఆరేయండి. రాత్రి బయట వేస్తే పొద్దున్న ఇంకా తడిగా దొరుకుతుంది, గాలికి ఎగిరిపోనూవచ్చు.

ఫోన్ మీద సముద్రపు నీళ్ళు పడితే మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, చార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా వైరు పెట్టకండి. ఉప్పునీటి తడి మీద కరెంటు పారితే లోపలి లోహపు పిన్నులు చూస్తుండగానే తినేసుకుపోతాయి. కెమెరాను ఏసీ గదిలోంచి బయటికి తీసేముందు జిప్ సంచిలో పెట్టి మూసి, బయట 20, 30 నిమిషాలు సంచిలోనే ఉంచండి. వెంటనే తీస్తే సిమెంటు నేలకు పట్టిన తడే లెన్సుకూ పడుతుంది. తాళంచెవి తిరగకపోతే బలవంతం చేయకండి, విరిగితే ఆ రాత్రికి బయటే. మనుషులను పిలవండి, గ్రాఫైట్ పొడి వేస్తే తిరుగుతుంది. నూనె వేస్తే ఆ క్షణానికి తిరిగినా ఇసుక అంటుకుని మళ్ళీ పట్టేస్తుంది.

ఇసుక, తువ్వాళ్ళు, వేడినీళ్ళు

తడి ఇసుకను దులపాలని చూడొద్దు. ఆరనివ్వండి, అదే రాలుతుంది. తొందరుంటే కాళ్ళకు టాల్కం పౌడర్ చల్లి అరచేత్తో రుద్దండి. పౌడర్ తడిని పీల్చేస్తుంది, ఇసుక జారిపోతుంది. గేటు దగ్గర కాళ్ళు కడిగే కుళాయి ఉంటే వాడండి. ఇసుక నిండిన బట్టలు వాష్‌బేసిన్‌లో జాడిస్తే అది కిందున్న వంపు గొట్టంలో పేరుకుంటుంది, రెండో రోజుకి నీళ్ళు పోవు. సిమెంటు నేల మీద ఇసుక గరుకుకాగితంలా గీతలు పెడుతుంది కూడా. గుమ్మంలో చెప్పులు విడవండి, బయటికి వేరు, గదిలోకి వేరు జత ఉంటే ఇంకా మంచిది.

తెల్లటి తువ్వాళ్ళ మీద తుప్పురంగు మరకలు పడి, చెక్‌అవుట్ వేళ హోటల్‌తో తగువు పడేవాళ్ళున్నారు. తప్పు చాలావరకు సన్‌స్క్రీన్‌ది. దానిలో అవోబెంజోన్ అనే పదార్థం ఉంటే, నీళ్ళలోని ఇనుముతో కలిసి నారింజరంగు మరక అవుతుంది. క్లోరిన్ బ్లీచ్ వేస్తే మరక పోకపోగా గట్టిపడుతుంది. సీసా వెనక రాసి ఉంటుంది, చూసి జింక్ ఆక్సైడ్ రకం కొనుక్కోండి. లేదా రాసుకున్నాక 15, 20 నిమిషాలు పక్క మీద వాలకండి. బీచ్‌కు పాత తువ్వాళ్ళు విడిగా అడిగి తీసుకోండి. గదిలోవి ఇసుకలోకి తీసుకెళ్ళడం ఏ హోటల్‌కూ ఇష్టముండదు.

వేడినీళ్ళ లెక్క చాలా గొడవలకు మూలం. 15 లీటర్ల గీజర్‌లో నీళ్ళు 60 డిగ్రీలకు కాగాయి, కుళాయి నీళ్ళు 25 అనుకుందాం. స్నానానికి సరిపడే 40 డిగ్రీలకు కలిపితే మొత్తం 35 లీటర్లు వస్తాయి. నిమిషానికి 9 లీటర్లు పోసే షవరు కింద అది నాలుగు నిమిషాలు కూడా రాదు. మళ్ళీ కాగడానికి 2 కిలోవాట్ల గీజర్‌కు 18, 20 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇద్దరి మధ్య 20 నిమిషాల ఎడం ఉంచుకోండి, లేదా బకెట్ అడగండి. పైన సోలార్ ఉంటే సాయంత్రం నీళ్ళు బాగా వేడిగా ఉంటాయి. తెల్లవారేసరికి కొంత వేడి తగ్గుతుంది, మబ్బు పట్టిన రోజు సరిగ్గా కాగకపోవచ్చు. తలస్నానం సాయంత్రానికి పెట్టుకోండి.

దోమలు

దోమతెర అంచును పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే లాభం లేదు. సంధ్యవేళ, తెల్లవారుజామున కుట్టే ఇసుక ఈగలు మామూలు తెర కన్నాల్లోంచి దూరిపోతాయి. వాటికీ దోమలకూ గాలికి ఎదురెగిరే బలం ఉండదు కాబట్టి ఫ్యాను జోరుగా పెట్టడమే సులువైన ఉపాయం. సన్‌స్క్రీన్, దోమల మందు రెండూ రాసుకోవాల్సి వస్తే ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక మందు.

నీళ్ళలోకి దిగేముందు

హోటల్లో ఎవరో ఒకరు ఆ తీరంలోనే పుట్టి పెరిగి ఉంటారు. నీళ్ళలోకి దిగేముందు వారిని అడగండి: ఎక్కడ లోతు, ఎక్కడ రాళ్ళు, ఏ వేళ దిగకూడదు. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న రెండు జెండాల నడుమ మాత్రమే లైఫ్‌గార్డులు చూస్తుంటారు. ఎర్రజెండా ఒక్కటే ఉంటే దిగొద్దు. అలలు విరిగి తెల్లగా నురగలు కక్కుతున్న చోట నడుమ ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, ముదురురంగులో కనబడితే అక్కడికి వెళ్ళకండి. చాలామంది అదే నెమ్మదైన చోటనుకుని పిల్లలను దింపుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పారే దారి అది, రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఈతగాళ్ళు కూడా అలసిపోతారు. తేలుతూ ఊపిరి కుదుటపరచుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఈత రానివాళ్ళు చెయ్యెత్తి పిలుస్తూ తేలుతుండాలి.

తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే ఆ నెలల్లో రాత్రి సముద్రం వైపు లైట్లు ఆర్పేయండి, తెరలు లాగేయండి. పిల్ల తాబేళ్ళు వెలుతురున్న వైపే పాకుతాయి. మీ బాల్కనీ బల్బు వాటిని నీళ్ళకు ఎదురు దిక్కుకు నడిపిస్తుంది.

వంటగదితో, వెళ్ళేరోజుతో

వంటమనిషి ఒకరిద్దరే ఉంటారు, సరుకు ఏ రోజుది ఆ రోజే తెస్తారు. ఉదయం ఎన్ని గంటలకు తింటారో, ఎవరికేది పడదో ముందురోజు సాయంత్రమే చెప్పండి. రాత్రి భోజనం ఎన్నింటిలోగా చెప్పాలో దిగిన రోజే కనుక్కోండి. అప్పటికప్పుడు మెనూ చూసి అడిగితే గంట పట్టడం వాళ్ళ బద్ధకం వల్ల కాదు.

వెళ్ళే ముందురోజు రాత్రికల్లా ఈత బట్టలు జాడించి ఆరేయండి, ఆఖరి ఉదయం మళ్ళీ తడిపితే తడిబట్టలతోనే ప్రయాణం. తప్పకపోతే విడిగా ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని, ఇంటికి చేరగానే మొదట అదే విప్పండి. గది ఖాళీ చేశాక సామాను పెట్టుకోవడానికి, సాయంత్రం ఒకసారి ఒళ్ళు కడుక్కోవడానికి చోటిస్తారా అని ముందే అడగండి. చాలా హోటళ్ళలో బయటి షవరు ఉంటుంది, కాదనరు. సూట్‌కేసు జిప్పుల్లో ఇసుక ఇరుక్కుంటే లాగకండి. పొడి టూత్‌బ్రష్‌తో పళ్ళ వెంబడి తోమి, పెన్సిల్ ములుకు రుద్ది అప్పుడు వేయండి. తాళంచెవి, ఏసీ రిమోట్ బల్ల మీద పెట్టి, గీజర్ స్విచ్ ఆపి, బాల్కనీ తలుపు గడియ వేశారో లేదో ఒకసారి లాగి చూసి బయటికి రండి.